సుంకం కట్టినదెవరు?

కిందటి సంవత్సరం తరగతిలో శాసన భాష చెబుతూ మోటుపల్లి అభయశాసనం దగ్గరకు వచ్చాను. కాకతి గణపతిదేవుడు శకవర్షం 1166లో, అనగా క్రీస్తుశకం 1244-45లో, సముద్రపు వొడ్డున వేయించిన శాసనం అది. మాటల వ్యుత్పత్తులూ, వాక్య నిర్మాణమూ చెప్పి, అందులో పేర్కొన్న సుంకం రేటు ముప్ఫైకి ఒకటి అని చెప్పి ముందుకు సాగబోతున్నాను. వెనక వరుసలో కూర్చున్న ఒక కుర్రవాడు లేచి, “సార్, ఆ ముప్ఫైలో ఒకటి వోడవాడు కట్టిండా, సరుకు కొన్నోడు కట్టిండా?” అని అడిగాడు. ఆ కుర్రవాడిది ఆత్మకూరు వైపు పత్తిరైతు కుటుంబం. వ్యాకరణం చెప్పే మాస్టరుకు అర్థశాస్త్రపు ప్రశ్న తగిలితే యెలా వుంటుందో నాకూ అలాగే వుండింది. ఆ రోజు నేను సరియైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత కొన్ని నెలలపాటు చదివి, అడిగి, ఆలోచించి తెలుసుకున్నదే యీ వ్యాసం.

మోటుపల్లి యిప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న పల్లె. కాకతీయుల కాలంలో అది ఓరుగల్లు రాజ్యానికి సముద్రద్వారం. గణపతిదేవుడు అక్కడ విదేశీ వర్తకులకు అభయం యిచ్చాడు. యెవరినుంచి అభయం? దొంగలనుంచి కాదు, సముద్రంనుంచీ కాదు. రాజులనుంచే. అంతకుముందు రాజులు గాలివానకు దారితప్పి వొడ్డుకు కొట్టుకువచ్చిన వోడలలోని బంగారాన్నీ, యేనుగులనూ, గుర్రాలనూ, రత్నాలనూ బలవంతంగా తీసేసుకునేవారనీ, తాము మాత్రం ప్రాణంకంటే ధనమే మిన్న అనుకొని సముద్రం దాటి వచ్చే వర్తకులపై దయతలచి, కీర్తికోసమూ ధర్మంకోసమూ, నిర్ణయించిన సుంకం మినహా తక్కినదంతా వారికే వదలిపెడుతున్నామనీ శాసనం చెబుతున్నది. ఆ నిర్ణీత సుంకానికి శాసనం వాడిన మాట క్లుప్తశుల్కం. మన సుంకం అనే మాట యీ శుల్కంనుంచి వచ్చినదే. సుంకం వసూలు చేసేవాడు సుంకరి. ఆ వుద్యోగం పోయి యెన్నో వందల యేళ్ళయినా ఆ మాట యింటిపేరుగా యీనాటికీ బ్రతికి వున్నది.

కీర్తి, ధర్మం అన్న మాటలను మనం వున్నవున్నట్టుగా నమ్మనవసరం లేదు. అప్పటి యుద్ధమంతా గుర్రంమీద. మంచి గుర్రం యీ దేశంలో పుట్టదు, వోడలమీద రావాలి. తుఫానులో చిక్కిన ఒక వోడను దోచుకుంటే ఒక్కసారి లాభం. దోచుకోకుండా వదిలితే యేటేటా వోడలు వస్తాయి, యేటేటా ముప్ఫైలో ఒక వంతు ఖజానాకు చేరుతుంది. దోపిడిని రేటుగా మార్చడమే రాజ్యాంగ నిర్మాణంలో ఒక పెద్ద అడుగు. ఈ విషయం గణపతిదేవునికి బాగా తెలుసు. ఆ రాతి విలువ యిక్కడే వున్నది. వర్తకుడికి కావలసింది తక్కువ సుంకంకంటే ముందు, రేపు మారని సుంకం.

ఇక మా విద్యార్థి ప్రశ్న. శాసనంలోని సరుకుల జాబితా చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. మంచిగంధం, దేశపు కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టుదారాలు, పగడాలు, మిరియాలు, వక్కలు. వీటిలో యేది పాకాల చెరువుకింద నాగలి పట్టినవాని యింటికి వెళ్ళింది? కర్పూరం దేవాలయానికి, గంధం నగరుకు, పట్టు నాయకుల యిళ్ళకు. వర్తకుడు సుంకాన్ని ధరలో కలిపేవాడు. నాయకుడు ఆ ధర చెల్లించేవాడు. ఆ నాయకుడికి ధనం యెక్కడిది? చెరువుకింద పండిన వడ్లలో రాజభాగంనుంచి. అంటే కర్పూరం వాసనే యెరుగని రైతు కర్పూరంమీది సుంకం కట్టాడన్నమాట. వోడవాడు కట్టలేదు, కొన్నవాడూ కట్టలేదు. శాసనంలో యెక్కడా కనిపించని మూడోవాడు కట్టాడు.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనుక ఒక మాట. కాకతీయుల తరువాత రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయశాసనం యిచ్చాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తక ప్రముఖునికి అంకితం చేస్తూ, దేశదేశాలనుంచి వోడలమీద వచ్చే సరుకులను వరుసపెట్టి వర్ణించాడు. మన విమర్శకులు దానిలో శబ్దసౌందర్యాన్ని మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. కాని ఒక కావ్యానికి కృతిపతిగా రాజుకు బదులు ఎగుమతి దిగుమతుల వ్యాపారి వచ్చి నిలబడ్డాడంటే, వాణిజ్య ధనం సాహిత్యాన్ని కూడా పోషించగల స్థితికి వచ్చిందన్నమాట. ఈ కోణంనుంచి హరవిలాసాన్ని తరగతిలో చెప్పినవారు నాకు తారసపడలేదు.

ఇప్పుడు నాలుగున్నర శతాబ్దాలు దాటి 1802కు వస్తాను. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో నిజాం అలీఖాన్‌కూ, ఈస్టిండియా కంపెనీకీ ఒక వాణిజ్య వొడంబడిక జరిగింది. దానిప్రకారం నిజాంకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు దొరికింది. కంపెనీ రాజ్యంనుంచి వచ్చే సరుకుపై నిజాం నూటికి 5 కంటే మించి సుంకం వేయరాదు. దారిపొడవునా వేసే రహదారీ సుంకాలు తీసివేయాలి. నిజాం రాజ్యంనుంచి వెళ్ళే సరుకుకు కూడా నూటికి అయిదే. చూడ్డానికి యెంత సమానంగా వుంది! నక్కా కొంగా విందు యిలాంటిదే. పళ్ళెం యిద్దరికీ ఒకటే, తినగలిగేది మాత్రం ఒక్కరే. రేవు కంపెనీది. వోడలు కంపెనీవి. తరువాత యిరవై ముప్ఫై యేళ్ళకు ఆవిరి యంత్రాలతో నేసిన లాంకషైరు బట్ట వచ్చినప్పుడు, దాన్ని ఆపడానికి సుంకం పెంచే హక్కు నిజాం దర్బారుకు కాగితంమీద కూడా లేదు. గణపతిదేవుడు తనంతట తాను నిర్ణయించుకున్నది ముప్ఫైకి ఒకటి. నిజాంకు యెదుటివాడు నిర్ణయించి పెట్టినది నూటికి అయిదు. సంఖ్యలో రెండవది పెద్దదే. కాని స్వాతంత్ర్యం మొదటిదానిలో వున్నది.

రాష్ట్రంలోపలి రహదారీ సుంకాలను చివరికి యెత్తివేయించి సుంకాల శాఖను ఒక క్రమానికి తెచ్చినవాడు దివాను మొదటి సాలార్‌జంగు. ఆ శాఖ పేరు కరోడ్‌గిరి. తెలంగాణా పల్లెలలో ముసలివాళ్ళు యీ మాటను మొన్నమొన్నటిదాకా వాడేవారు. లోపలికి వచ్చే సరుకుమీద నూటికి అయిదు, బయటికి పోయే సరుకుమీద కూడా సుంకం. హైదరాబాదు రాజ్యానికి సముద్రం లేదు. అందుచేత విదేశపు సరుకేదైనా మద్రాసులోనో, బొంబాయిలోనో బ్రిటిషు ప్రభుత్వానికి ఒకసారి సుంకం కట్టి, సరిహద్దు దాటేటప్పుడు కరోడ్‌గిరి నాకాలో మళ్ళీ కట్టాలి. మా నాయనమ్మ పుట్టిల్లు మధిర తాలూకాలో. బెజవాడలో పెళ్ళిబట్టలు కొన్న ఆడవాళ్ళు కొత్త చీరలు ఒకదానిమీద ఒకటి మూడు నాలుగు కట్టుకొని బండి యెక్కేవాళ్ళని ఆమె నవ్వుతూ చెప్పేది. “పోయేటప్పుడు సన్నగా పోతిమి, వచ్చేటప్పుడు లావుగా వస్తిమి” అనేది. సుంకాలశాస్త్రంలో దీనికేదో పెద్ద పేరు వుండే వుంటుంది.

ఈలోగా ఓరుగల్లు సంగతి. ఇక్కడి తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనకు వెళ్ళాయి. వాటి నేతపనిని బర్డ్‌వుడ్ వంటి ఇంగ్లీషు పండితులు కొనియాడి రాశారు. పొగడ్త లండనులో వుండగానే యిక్కడ రసాయనిక రంగులు వచ్చాయి, చౌక సరుకు వచ్చింది, మగ్గాలు తగ్గాయి. 1886లో వరంగల్‌దాకా రైలు వచ్చింది. 1889లో బెజవాడదాకా కలిసింది. రైలు యీ ప్రాంతంనుంచి యేమి తీసుకుపోయిందో, యేమి తీసుకువచ్చిందో వేరే చెప్పనక్కరలేదు: బొగ్గు, పత్తి, నూనెగింజలు పోయాయి, మిల్లుబట్ట, మిల్లునూలు వచ్చాయి. పట్టు తివాచీ నేసిన ఓరుగల్లులో చివరకు నిలిచినది కొత్తవాడ జంపఖానా. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు దొరికింది. గుర్తింపు నూలు ధరను తగ్గించదు గదా.

బ్రిటిషిండియాలో సుంకం కథ యింతకంటె బాహాటమైనది. 1882లో విదేశీ బట్టమీద దిగుమతి సుంకం పూర్తిగా తీసేశారు. 1894లో ఖజానా ఖాళీ అయితే మళ్ళీ వేయక తప్పలేదు. లాంకషైరు మిల్లుదారులు గోలపెట్టారు. అప్పుడు ప్రభుత్వం 1896లో చేసిన పని చూడండి: దిగుమతి బట్టమీద నూటికి మూడున్నర సుంకం, అంతతో వూరుకోక భారతదేశపు మిల్లులలో నేసిన బట్టమీద కూడా సరిగ్గా నూటికి మూడున్నర యెక్సయిజు. అతిథికి తేలుకుట్టిందని యింటివాణ్ణి కూడా కుట్టించినట్టు. ఈ యెక్సయిజు 1925 డిసెంబరులో ఆగి, 1926లో రద్దయింది. దాదాపు ముప్ఫై సంవత్సరాలు యీ దేశంలో తయారైన సరుకు యీ దేశంలో అమ్ముడుపోవడానికి జరిమానా కట్టింది. దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తుల తరం సుంకాల గణాంకాలతోనే సామ్రాజ్యవాదాన్ని విప్పి చూపిందంటే ఆశ్చర్యం లేదు.

డంపింగు అనే మాట మన దేశపు చట్టసభలలో గట్టిగా వినిపించినది 1930 తరువాత. స్వంత దేశంలో అమ్మే ధరకంటె తక్కువకు పరాయి దేశంలో సరుకు కుమ్మరించి, అక్కడి పరిశ్రమను దెబ్బతీయడమే డంపింగు. దీనిపై ప్రపంచంలో మొదట చట్టం చేసినది కెనడా, 1904లో. మనకు ఆ అవసరం జపాను తెచ్చింది. 1931 డిసెంబరులో జపాను బంగారు ప్రమాణాన్ని వదిలిపెట్టింది. యెన్ విలువ పడిపోయింది. జపాను బట్ట బొంబాయి మిల్లుబట్టకంటె చౌకగా రేవులలో దిగింది. 1932 ఆగస్టులో బ్రిటిషేతర బట్టపై సుంకం నూటికి 50కి పెంచారు. 1933 ఏప్రిల్‌లో పరిశ్రమల రక్షణ చట్టం తెచ్చారు; అసాధారణంగా తక్కువ ధరకు వచ్చే సరుకుపై అదనపు సుంకం వేసే అధికారం దానిద్వారా ప్రభుత్వానికి వచ్చింది. ఈ దేశంలో యాంటీ డంపింగుకు అదే పురిటిగది. 1933 జూన్‌లో బట్టమీద సుంకం నూటికి 75 అయింది.

ఇంతవరకు కథ పాఠ్యపుస్తకాలలో వున్నదే: స్వదేశీ పరిశ్రమకు రక్షణ దొరికింది. కాని తరువాతి అధ్యాయాన్ని జాగ్రత్తగా చదవాలి. జపాను మిల్లుదారులు వూరుకోలేదు. మన పత్తిని బహిష్కరించారు. అప్పట్లో మన పొట్టిపింజ పత్తికి అతిపెద్ద కొనుగోలుదారులలో జపాను ఒకటి. మాంద్యంతో అసలే ధరలు పాతాళానికి పోయిన రోజులు. బొంబాయి మిల్లుయజమానికి రక్షణగా కట్టిన గోడ, నల్లరేగడి రైతుకు సమాధి అయ్యేటట్టు కనిపించింది. సెప్టెంబరునుంచి సిమ్లాలో బేరాలు సాగాయి. 1934 జనవరిలో కుదిరిన వొప్పందం సారాంశం యిది: బట్టమీద సుంకం 50కి దిగుతుంది; జపాను మన పత్తి 10 లక్షల బేళ్ళు కొంటే 32 కోట్ల 50 లక్షల గజాల బట్ట పంపవచ్చు; 15 లక్షల బేళ్ళు కొంటే 40 కోట్ల గజాలవరకు పంపవచ్చు. పత్తి యిచ్చి బట్ట తెచ్చుకోవడం. రైతుకూ మిల్లుకూ మధ్య యేది యెంత వదులుకోవాలో గజాలలో, బేళ్ళలో లెక్కగట్టిన పత్రం. ఆ గదిలో రైతు లేడు. చేనేత మగ్గంవాడు అసలే లేడు.

అదే కాలంలో, 1933 అక్టోబరులో, బొంబాయి మిల్లుదారుల నాయకుడు మోదీకీ, లాంకషైరు ప్రతినిధి సర్ విలియం క్లేర్ లీస్‌కూ ఒక వొడంబడిక జరిగింది. జపాను సరుకును గట్టిగా అరికట్టడం, బ్రిటిషు సరుకుపై మెత్తగా వుండటం దాని సారాంశం. 1932 ఒట్టావా వొడంబడిక వేసిన సామ్రాజ్య పక్షపాతపు దారిలో యిది మరొక మెట్టు. విదేశీబట్టల మంటలు చల్లారి యెన్నో యేళ్ళు కాలేదు. మంటలు వేసినవాళ్ళు జైళ్ళలో వుండగానే మిల్లుయజమానులు మాంచెస్టరుతో చేతులు కలిపారు. జాతీయ పెట్టుబడిదారీ వర్గపు రెండు ముఖాల గురించి తరగతిలో యెంత చెప్పినా తలకెక్కనిది, యీ ఒక్క వొడంబడికతో తలకెక్కుతుంది.

ఓరుగల్లులో ఆజంజాహి మిల్లు స్థాపన యీ 1934లోనే. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు ఆజంజా పేరు పెట్టారు. 1929లో యేర్పడిన పారిశ్రామిక ట్రస్టు నిధినుంచి దానికి ప్రభుత్వ పెట్టుబడి వచ్చింది. నాందేడులోని ఉస్మాన్‌షాహి మిల్లుకూ యిదే నిధి. చుట్టూ పత్తి, పక్కన సింగరేణి బొగ్గు, ఎదుట రైలు, బయటినుంచి వచ్చే బట్టపై బ్రిటిషిండియావారి రక్షణసుంకం, దానిపైన కరోడ్‌గిరివారి నూటికి అయిదు. మిల్లు బ్రతకడానికి యింతకంటె మంచి లగ్నం వుండదు. మిల్లు వచ్చింది, కార్మికవర్గం వచ్చింది, కార్మికవాడలూ, యూనియనూ, జెండా వచ్చాయి. వరంగల్ రాజకీయ చరిత్రలో ఆ మిల్లు కూత లేని అధ్యాయం తక్కువ. సుంకం కాగితంమీద పడుతుంది గాని, దాని నీడలో ఒక వూరు పుడుతుంది. ఈ సంగతిని సుంకాలన్నీ చెడ్డవని వాదించే స్వేచ్ఛావాణిజ్య పండితులు మరిచిపోతారు.

1947 నవంబరు 29న యథాతథపు వొడంబడిక కుదిరినా సరిహద్దులో శాంతి లేదు. సరిహద్దు శిబిరాలనుంచి స్టేట్ కాంగ్రెసు కార్యకర్తలు కరోడ్‌గిరి నాకాలమీద దాడులు చేశారు. గ్రామాలలో సంఘంవారి పోరాటం దొరలమీద, రజాకార్లమీద నడుస్తున్నది. నాకా ఒక పూరిపాక, ఒక అడ్డుకర్ర, ఒక గుమాస్తా. దాన్ని తగలబెడితే రాజ్యం కూలదు. కాని సామాన్యుడికి రాజ్యమంటే కనిపించేది ఆ అడ్డుకర్రే గనుక, నాకామీది దెబ్బ నేరుగా రాజ్యంమీది దెబ్బ అయింది. 1948 సెప్టెంబరు తరువాత నిజాం పాలన పోయింది. 1950 ఏప్రిల్ 1న రాజ్యం ఆర్థికంగా భారతదేశంలో కలిసింది. ఆ తరువాత కొన్నేళ్ళలో లోపలి సుంకాలు అంతరించాయి.

స్వాతంత్ర్యం తరువాతి నలభై యేళ్ళను నేను త్వరగా దాటుతాను. లైసెన్సులూ, కోటాలూ, యెత్తయిన సుంకాలూ వున్న రోజులలో డంపింగు పెద్ద సమస్య కాలేదు. గోడే అంత యెత్తున వుంటే కిటికీకి గడియ యెందుకు? 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టానికి 1982లో సవరణచేసి యాంటీ డంపింగు సుంకానికి అధికారం కల్పించారు. నియమాలు 1985లో వచ్చాయి. మొదటి విచారణ 1992లోగాని మొదలు కాలేదు. 1991 తరువాత గోడ కూలింది, అప్పుడు గడియ అవసరమైంది. ప్రపంచ వాణిజ్య సంస్థ యేర్పడిన 1995లో చట్టాన్నీ నియమాలనూ మళ్ళీ రాశారు. తరువాతి సంవత్సరాలలో భారతదేశం ప్రపంచంలో యీ ఆయుధాన్ని అత్యధికంగా వాడిన దేశాలలో ఒకటి అయింది.

ఈ ఆయుధం పనిచేసే తీరు తెలిస్తేనే అది యెవరి చేతిలో వున్నదో తెలుస్తుంది. ముందు దేశీయ పరిశ్రమ ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదును బలపరిచే వుత్పత్తిదారుల వాటా ఆ సరుకు దేశీయ వుత్పత్తిలో కనీసం నూటికి 25 వుండాలి. వ్యతిరేకించేవారి వాటాకంటె అది యెక్కువ కావాలి. తరువాత వాణిజ్య మంత్రిత్వశాఖ అధికారి మూడు విషయాలు తేలుస్తాడు. ఒకటి, ఎగుమతి చేసే దేశంలో ఆ సరుకు మామూలు ధరకూ మనకు అమ్మే ధరకూ తేడా. రెండు, మన పరిశ్రమకు నష్టం. మూడు, ఆ నష్టం ఆ తేడావల్లనే వచ్చిందా అన్నది. తేలితే సిఫారసు చేస్తాడు. వేసేదీ మానేదీ ఆర్థిక మంత్రిత్వశాఖ. వేస్తే అయిదేళ్ళు, గడువు ముగిసేముందు సమీక్షచేసి పొడిగించవచ్చు. విచారణకు యేడాది, అవసరమైతే పద్దెనిమిది నెలలు. లెక్కల పుస్తకాలు, తయారీ ఖర్చుల పట్టికలు, ఢిల్లీలో వకీళ్ళు. పది కంపెనీలున్న పరిశ్రమకు యిది సాధ్యం. పది లక్షల కమతాలున్న పంటకు యెలా సాధ్యం?

పట్టు విషయం చూడండి. చీనా ముడిపట్టుపై 2003లో యాంటీ డంపింగు సుంకం వేశారు. సుమారు పదేళ్ళు అది సాగింది. మల్బరీ సాగుచేసి పట్టుగూళ్ళు పెంచే రైతుకు అది న్యాయమే. హిందూపురం, మదనపల్లి వైపు రైతులను అడిగితే ఆ సుంకం వుండబట్టే గూటికి ధర వచ్చిందంటారు. పోచంపల్లి నేతగానిని అడిగితే దారం ధర మండిందంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చీనాంబరం అన్న మాట మన కవిత్వంలో కాళిదాసు అనువాదాలనాటినుంచి వైభవానికి గుర్తు. అదే చీనాపట్టు యీనాడు ఒక తెలుగు శ్రామికుడికీ మరొక తెలుగు శ్రామికుడికీ మధ్య పెట్టిన తగవు.

విస్కోజు పోగుపై చీనా, ఇండొనేషియాలకు వ్యతిరేకంగా 2010లో వేసిన సుంకం కథ వేరు. దాన్ని దేశంలో తయారుచేసేది దాదాపు ఒక్క కంపెనీ. ఆ పోగుతో నూలు వడికేవారు వందలు, నేసేవారు లక్షలు. పదకొండేళ్ళు నడిచి 2021 ఆగస్టులో యెత్తేశారు. పాలియెస్టరుకు మూలమైన టెరిఫ్తాలిక్ ఆమ్లంపై వున్న సుంకాన్ని 2020 ఫిబ్రవరి బడ్జెటులో ప్రజాప్రయోజనం పేరుతో రద్దుచేశారు. ప్రజాప్రయోజనం అంతకుముందు యెక్కడ నిద్రపోయిందని సిరిసిల్ల మరమగ్గం కార్మికుడు అడగవచ్చు. చట్టం పేరు ఒకటే. చీనాపట్టు దగ్గర అది గూటిరైతుకు గొడుగు, విస్కోజు దగ్గర గుత్తాధిపతికి కోట.

ఇక పత్తి. అమెరికా ప్రభుత్వం తన పత్తిరైతులకు యిచ్చే సబ్సిడీలవల్ల అక్కడి పత్తి ఖర్చుకంటె తక్కువకు ప్రపంచ మార్కెట్టులో పడుతున్నదని బ్రెజిలు 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యం వేసి గెలిచింది. చివరకు 2014లో 30 కోట్ల డాలర్లు తీసుకొని రాజీపడింది. 1997-98లో మా వరంగల్ జిల్లాలో పత్తిరైతులు పురుగుమందు తాగి వరుసగా చనిపోయిన సంగతి దేశమంతా యెరిగినదే. దానికి పురుగూ, నకిలీ మందూ, వడ్డీ, వాన అన్నీ కారణాలే. ప్రపంచ ధరను కిందికి తొక్కిన చేతిని కూడా లెక్కలో వేయాలి. కాని మన పత్తిరైతు తరఫున యాంటీ డంపింగు సుంకం పడిందని నేను యెక్కడా చదవలేదు.

పత్తిపై మామూలు దిగుమతి సుంకమే చాలాకాలం లేదు. 2021 ఫిబ్రవరిలో వేశారు: మూలసుంకం 5, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 5, వాటిమీద సర్‌చార్జి, వెరసి నూటికి 11. మరుసటి యేడు ఎనుమాముల మార్కెట్టులో క్వింటాలు పదివేలు దాటింది. అందులో సుంకం వంతు యెంతో, ప్రపంచ ధర వంతు యెంతో తేల్చడం కష్టం. ప్రపంచ ధర వంతే పెద్దదని నా అభిప్రాయం. వెంటనే మిల్లుల గోల మొదలైంది. 2022 ఏప్రిల్ 14నుంచి సుంకం మాఫీ; సెప్టెంబరు 30దాకా అన్నారు, అక్టోబరు 31కి పొడిగించారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులమీద నూటికి 50 సుంకం వేసింది. మన బట్టల ఎగుమతిదారులను ఆదుకునే పేరుతో ఆగస్టు 19నుంచి పత్తి దిగుమతి సుంకాన్ని మళ్ళీ తీసేశారు. మొదట సెప్టెంబరు 30దాకా. తరువాత డిసెంబరు 31దాకా. మా జిల్లాలో మొదటి పత్తి యేరేది దసరా దీపావళుల మధ్య. అప్పులవాడు గుమ్మంలో నిలబడేదీ అప్పుడే. సరిగ్గా ఆ మూడు నెలలూ గేటు బార్లా తెరిచారు. 1933లో జపాను బట్టను ఆపడంకోసం రైతును పణంపెట్టారు. 2025లో అమెరికాకు బట్ట పంపడంకోసం రైతును పణంపెట్టారు. దిశ తిరిగింది, పణం మారలేదు.

ఈ సంగతులన్నీ నోట్సుగా రాసుకొని మళ్ళీ తరగతికి వెళ్ళాను. ఆత్మకూరు కుర్రవాడు విని, “అయితే పదకొండు వుండాల్సిందే సార్” అన్నాడు. ముందు వరుసలో ఒక అమ్మాయి వుంది. వాళ్ళ నాయన కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఆమె లేచి, “నూలు ధర పెరిగిన యేడు మా నాయన మగ్గం ఆపి హమాలీ పనికి పోయిండు సార్. పదకొండు వుంటే మాకెట్ల?” అన్నది. గది నిశ్శబ్దమైంది. ఇద్దరూ కష్టజీవుల పిల్లలు. ఇద్దరి మాటా న్యాయం. సుంకం సొమ్ము ఖజానాకు పోయినప్పుడు అందులోంచి మగ్గానికి నూలు సబ్సిడీ యెందుకు రాకూడదని మరొక కుర్రవాడు అడిగాడు. చర్చ అటు మళ్ళింది. నేతసహకార సంఘాలమాటా, మద్దతుధరమాటా, తేమ నూటికి 12 దాటితే కొనమనే కొనుగోలు కేంద్రాలమాటా వచ్చాయి. ఆ గంటలో వ్యాకరణం సాగలేదు.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడని తెలిసింది. 1974లో మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది, 2002లో మూతపడింది. మిల్లు వుద్యోగం పోయాక ఆయన పాత కులవృత్తికి తిరిగివచ్చి, కొడుక్కు మగ్గం నేర్పాడట. సంగెం, గీసుగొండల దగ్గర 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ జౌళి పార్కులో తమ్ముడికి పని దొరుకుతుందేమోనని యిప్పుడు ఆ యింట్లో యెదురుచూస్తున్నారు. ఆత్మకూరు కుర్రవాడి యింట్లో ఆ యేడు పత్తి ఎనిమిది క్వింటాళ్ళు దిగింది. క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతుధర దక్కింది అందులో మూడింటికే. మిగిలిన అయిదూ తేమ యెక్కువున్నదని కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపితే, రాత్రికి రాత్రి వేరే బండికెత్తి వ్యాపారికి అమ్మారు.